దడ తగ్గింది కదా, రక్తం పలుచన చేసే గోలీ ఆపొచ్చా?

తమ్ముడూ, మీ బాపుకు అరవై ఏడేళ్లు, బీపీ ఉంది, నాలుగు నెలల కింద ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) అని తేలింది అని రాశావు. ఇప్పుడు దడ లేదు కాబట్టి గోలీలు ఆపేస్తా అంటున్నాడని, ఆకుకూరలు పూర్తిగా మానాలా అని, కల్లు సంగతేమిటని అడిగావు. నేను డాక్టర్ని కాదు, పరకాల దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. పదకొండేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్నాను కాబట్టి రాస్తున్నా.

దడ తగ్గించే గోలీ వేరు, రక్తం గడ్డకట్టకుండా చూసే గోలీ వేరు. మెటోప్రొలాల్ లాంటిది గుండె వేగం తగ్గిస్తుంది, దాని పని మనకు తెలుస్తుంది. రెండోదాని పని మనకు అస్సలు తెలియదు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతుంటే, ఎడమ గదికి ఆనుకుని ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. దడ లేదంటే లయ కుదిరిందని కాదు, చాలామందికి లయ తప్పినా తెలియదు. వయసు 65 దాటడం, బీపీ ఉండటం, ఇవన్నీ లెక్కేసే డాక్టర్లు ఆ మందు రాస్తారు. బాపుకు ఇప్పుడు బాగున్నా ఆ రెండూ అలాగే ఉన్నాయి కదా.

నేనూ ఒకసారి ఆపాను. రెండో ఏడు బతుకమ్మ పండుగప్పుడు ఒంట్లో బాగుందని, పని ఒత్తిడి ఎక్కువని పన్నెండు రోజులు వేసుకోలేదు. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున తాంబాలంలో గునుగు పూలు పేరుస్తుంటే కుడి చేతిలోంచి కట్ట జారింది. తీసుకున్నాను, మళ్లీ జారింది. అక్కను పిలుద్దామంటే మాట ముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా సర్దుకుంది, పండుగ పూట ఎందుకులే అన్నాను. అక్క వినలేదు, హన్మకొండ తీసుకుపోయింది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్షలో 1.1 వచ్చింది. మందు వాడని మనిషికి ఉండేది దాదాపు అంతే, నాకు ఉండాల్సింది 2కు 3కు మధ్య. అది పెద్ద పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక అని డాక్టర్ చెప్పాడు. ఇప్పటికీ గునుగు పూలు చేతిలోకి తీసుకుంటే ఆ పొద్దు గుర్తొస్తుంది. మీ బాపుకు ఈ సంగతి చదివి వినిపించు.

ఆకుకూరల గురించి చెప్పాలంటే ముందు బాపు మందుల చిట్టీలో ఏ మందు ఉందో చూడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతం జ్వరం వల్ల నాకు గుండెలో ఎడమ వైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ (కవాటం) సన్నబడింది. అలాంటి వాళ్లకు రక్తం పలుచన చేసే మందుల్లో ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివే ఇస్తారు. ఆకుకూరల్లోని విటమిన్ కె వీటికి అడ్డం పడుతుంది. మొదట్లో ఎవరో చెబితే పుంటికూర కూడా ముట్టలేదు. తర్వాత వానలు పడ్డాక పెరట్లో తోటకూర ఏపుగా వస్తే రోజూ వండుకున్నాను, ఐఎన్ఆర్ పడిపోయింది. పూర్తిగా మానక్కర్లేదు, వారం వారం ఒకే తీరుగా తినాలి. నేను వారానికి రెండుసార్లు, అదే గిన్నెతో తింటాను. బాపుది ఎపిక్సాబాన్ అనే కొత్త రకం మందు అయితే ఆకుకూరల పట్టింపు లేదు, నెలనెలా ఐఎన్ఆర్ పరీక్షా లేదు. కానీ దాని ప్రభావం ఒక్క రోజులోనే దిగిపోతుంది, రెండు పూటలా తప్పకుండా వేసుకోవాలి. కిడ్నీ పరీక్ష కూడా అప్పుడప్పుడు చేయిస్తారు. ఏ మందైనా ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు కలిపి మింగొద్దు.

నేను ఆకుకూరల కన్నా ఎక్కువ భయపడేది నొప్పుల మందులకు. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఒక ఆర్ఎంపీ సూది వేశాడు. నేను వాడే మందు ఏమిటో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. తెల్లారేసరికి పిరుదు నుంచి తొడ దాకా వంకాయ రంగుకు తిరిగి గట్టిపడింది, మూడు వారాలు పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో కూడా రక్తం కారేలా చేస్తాయి. విరేచనాలకు రాసే మెట్రోనిడజోల్ ఎసిట్రోమ్‌తో కలిస్తే ఐఎన్ఆర్ బాగా పెరుగుతుంది. పన్ను పీకించుకోవాలన్నా ముందే చెప్పాలి. 2024లో మేడారం జాతరకు పోయినప్పుడు నాలుగు రోజుల గోలీలతో పాటు 'రక్తం పలుచన చేసే మందు వాడుతున్నాను' అని కాగితం రాసి పర్సులో పెట్టుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ అందులోనే ఉంది. బాపు జేబులో కూడా ఒకటి పెట్టు.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఒక్కసారి చూసి టెన్షన్ పడొద్దు. నాడి తప్పి కొట్టుకునే వాళ్లకు అంకెలు మారుతుంటాయి, రెండు మూడుసార్లు చూసి రాసుకోండి. మలం నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డ కరిగించే సూదికి టైమ్ నాలుగున్నర గంటలే. ఏ గోలీ వాడుతున్నాడో అక్కడ ముందే చెప్పాలి.

కల్లు, సారా గుండె లయను చెడగొడతాయి, రక్తం కారే ముప్పునూ పెంచుతాయి. మా బావకూ ఇదే జబ్బు. ఆదివారం కల్లు తాగితే సోమవారం దడ వచ్చేది. మూడు నెలలు మాని చూసి, తేడా తనకే తెలిసి మానేశాడు. మీ బాపునూ ముందు మూడు నెలలు మానమని అడుగు.