బటన్ నొక్కాక రీడైరెక్ట్ (ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దానంతటదే మళ్లడం) పూర్తయ్యేదాకా, బ్రౌజర్‌ను నడిపి సైటును టెస్టు చేసే సెలీనియం స్క్రిప్టును ఎలా ఆపాలి? ఇన్ని సెకన్లు ఊరికే ఆగమని స్లీప్ పెడితే చాలదా?

చాలదండీ. ముందు 5 సెకన్లు పెడతారు, సర్వర్ మొరాయించిన రోజు 10 చేస్తారు. 200 టెస్టులుంటే అరగంట పైనే ఉత్తి పుణ్యానికి పోతుంది.

రుషికొండలో మా ఆఫీసులో టికెట్ బుకింగ్ సైటుకి పేమెంట్ టెస్టు ఒకటుండేది. రాసిన కుర్రాడు స్లీప్ జోలికి పోలేదు. యూఆర్ఎల్‌లో 'సక్సెస్' అన్న మాట వచ్చేదాకా ఆగమని ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ పెట్టాడు. పగలు పాస్, రాత్రి రన్‌లో ఫెయిల్. బుకింగ్ నంబరు దొరకలేదట. "అక్కా, నా లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది" అని ఒకటే పాట. స్క్రీన్‌షాట్ తీయిస్తే డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే వాళ్ల పేజీ, గిరగిరా తిరిగే చక్రం, కింద 'రిఫ్రెష్ చేయకండి' అని. అప్పుడు లాగ్‌లో యూఆర్ఎల్ మొత్తం ప్రింట్ చేయించాం. మళ్లీ మన సైటుకి ఎక్కడికి పంపాలో చెప్పే రిటర్న్ అడ్రస్ ఆ గేట్‌వే యూఆర్ఎల్ తోకకే తగిలించి ఉంది, అందులో 'సక్సెస్' ఉంది! బస్సు మీద గాజువాక బోర్డు చూసి దారిలోని ఎన్ఏడీ జంక్షన్‌లోనే దిగిపోయినట్టయింది స్క్రిప్టు పని. పగలు గేట్‌వే చురుగ్గా ఉండి, ఆ తర్వాతి చిన్న వెయిట్‌లోనే అసలు పేజీ వచ్చేసేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

'వేరే అడ్రస్‌కి పో' అని సర్వరే పంపే 302 జవాబు అయితే బెంగ లేదు, బ్రౌజరే వెంటపడి పోతుంది. తంటా అంతా జావాస్క్రిప్ట్‌తో ఫారాన్ని తనంతట తానే సబ్మిట్ చేసే, మధ్యలో వచ్చే ఇలాంటి పేజీలతోనే. అదీ పూర్తిగా లోడైన పేజీయే కాబట్టి డ్రైవర్ ముందుకెళ్లిపోతుంది. అందుకని సెలీనియంలోని యూఆర్ఎల్ మ్యాచెస్ వాడి, ప్యాటర్న్ ముందు ^ (మొదటి అక్షరం నుంచే సరిపోవాలనే గుర్తు) పెట్టి, https:// మొదలుకుని మీ డొమైన్, పాత్ దాకా సరిచూడండి. ఆ తర్వాత చివరి పేజీలో మాత్రమే ఉండే ఎలిమెంట్ కోసం ఆగండి. సెలీనియం లాంటిదే ఇంకో టూల్ ప్లేరైట్ అయితే వెయిట్‌ఫర్‌యూఆర్ఎల్‌కి ఫంక్షన్ ఇచ్చి హోస్ట్, పాత్ చూడండి. పాత కోడ్‌లో కనిపించే వెయిట్‌ఫర్‌నావిగేషన్ జోలికి పోకండి, దాన్ని ప్లేరైట్ వాళ్లే వద్దంటున్నారు.

మా వైజాగ్‌లో ఇంటర్వ్యూలకొచ్చే పిల్లలు ఇంప్లిసిట్ (ఏ ఎలిమెంట్ వెతికినా కొంతసేపు ఆగడం), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ల తేడా గడగడా అప్పజెప్తారు. రెండూ కలిపి వాడొద్దని సెలీనియం డాక్యుమెంటేషన్‌లోనే ఉందని ఒక్కరూ అనరు. కోచింగుల్లో ఏం చెప్తున్నారో మరి!

ఇంకోటి. కార్డు తిరస్కరిస్తే సైటు వేరే పేజీకి పోతుంది. రెండిట్లో ఏది వచ్చినా ఆగేలా రాయండి. లేకపోతే ప్లేరైట్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఎదురుచూసి టైమౌట్ అంటుందే తప్ప, పేమెంట్ ఫెయిలైందని చెప్పదు.