ఆసుపత్రిలో ఉండనంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: హెరాయిన్ ఇంజెక్షన్ల వల్ల మా తమ్ముడికి గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. 6 వారాల చికిత్స అన్నారు, వాడేమో వెళ్లిపోతానంటున్నాడు. ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: చాలామంది మధ్యలో వెళ్లిపోయేది మొండితనంతో కాదండీ, మత్తు ఆగితే వచ్చే ఒళ్లునొప్పులు, వాంతులు, నిద్రలేమి భరించలేక. అందుకే యాంటీబయాటిక్‌తో పాటే ఈ బాధలను తగ్గించే మందులు, బ్యూప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ, మొదలుపెట్టమని ఇవాళే అడగండి. జ్వరం తగ్గి, రక్తంలో బ్యాక్టీరియా లేదని తేలాక మిగతా కోర్సు బయట పూర్తి చేయడం కొందరికి కుదురుతుంది, చేతికి పెట్టిన లైన్ (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) ద్వారా రోజూ గానీ, వారానికోసారి ఇచ్చే డాల్బావాన్సిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌తో గానీ, ఒక్కోసారి మాత్రలతో గానీ. లైన్‌ని మత్తుకు వాడతాడేమోనని కొందరు డాక్టర్లు వెంటనే కాదనేస్తారు. అది న్యాయం కాదు, మనిషిని చూసి తేల్చాలి. హెరాయిన్ మోతాదు మించితే విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్ ఇంట్లో ఉంచండి. మళ్లీ జ్వరమో ఆయాసమో వస్తే ఆ రోజే తీసుకెళ్లండి.