ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాకా ఆగండి

జేమ్స్ బాండ్ సినిమా క్యాసినో రాయల్ (2006) చూసిన ఊపులో పాత బాండ్ సినిమా ఫ్రమ్ రష్యా విత్ లవ్ (1963) పెట్టి, అరగంటకే విసుగొచ్చి ఆపేశానన్నారు. మీ తప్పేం లేదు. డేనియల్ క్రేగ్ బాండ్‌గా చేసిన క్యాసినో రాయల్‌లో మడగాస్కర్ క్రేన్ల మీద పరుగు మొదట్లోనే వచ్చేస్తుంది. ఇక్కడేమో ఆ అరగంటలో ఎక్కువ భాగం శత్రువులు వల పన్నడానికే సరిపోతుంది. ఇస్తాంబుల్‌లో జిప్సీల ఘట్టం మాత్రం సాగతీతే, కావాలంటే జరిపేయండి.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కాక అసలు కథ. డైనింగ్ కారులో, బాండ్‌ని చంపడానికి వచ్చిన గ్రాంట్ చేపతో రెడ్ వైన్ తెప్పించుకుంటాడు. పెద్దింటివాళ్లయితే చేపతో వైట్ వైనే తాగుతారు. పెద్దింటి ఇంగ్లిషువాడి వేషం అక్కడే బయటపడాలి, కానీ బాండ్‌కి వెలగదు. తర్వాత ఇరుకు పెట్టెలో, నీలం వెలుతురులో ఆ కొట్లాట! గాల్లో ఎగరడాల్లేవు, పీకలు పట్టుకోవడమే. క్యాసినో రాయల్‌లో మెట్ల మీది పోరు దీని వారసత్వమేనని నాకనిపిస్తుంది.

తేడా ఆ తర్వాతే. పాత సినిమాలో బాండ్‌గా చేసిన షాన్ కానరీ చచ్చిన గ్రాంట్ దగ్గర తన డబ్బు తీసుకుని, ఓ చురక వేసి కదులుతాడు. మెట్ల పోరు అయ్యాక క్రేగ్ అద్దం ముందు రక్తం కడుక్కుంటాడు, కథానాయిక వెస్పర్ బట్టలతోనే షవర్ కింద కూలబడుతుంది. ఈ రెండు ఘట్టాలూ వెంటవెంటనే చూడండి. అప్పటికీ నచ్చకపోతే గోల్డ్‌ఫింగర్ (1964) పెట్టుకోండి, అది ఇంకాస్త హుషారు.