డైరీ రాసే అలవాటుంది, బ్లాగు మొదలుపెట్టాలంటే ఏం మార్చుకోవాలి?

డైరీలో "ఈరోజు మళ్ళీ అదే గొడవ" అని రాస్తే చాలు, ఆ గొడవేంటో మనకి తెలుసు కాబట్టి. బ్లాగులో మాత్రం ఎవరితో, ఎందుకు అన్నది చెప్పకపోతే చదివేవాళ్ళు రెండో లైనుకే వెళ్ళిపోతారు. అసలు తేడా ఇదే. నేనైతే పాత పేజీని ఉన్నదున్నట్టు ఎక్కించను, అందులోంచి ఒక్క సంఘటన తీసుకుని మొదటినుంచి మళ్ళీ రాస్తాను. ఇంట్లోవాళ్ళ గురించైతే ముందు వాళ్ళనే అడుగుతాను (పేరు తీసేస్తే సరిపోదు, "మా అత్తగారు" అంటే ఎవరో చుట్టాలందరికీ తెలుసు!). పోస్టు డిలీట్ చేసినా ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ పోదు మరి. టెన్షన్‌గా ఉంటే బ్లాగర్ (గూగుల్ వాళ్ళ బ్లాగు సైటు) సెట్టింగ్స్‌లో మీరు పిలిచినవాళ్ళకే కనిపించేలా పెట్టి, నలుగురు చదివాక అందరికీ తెరవండి.