మోచేతి దాకా చెయ్యి పెట్టు

"చిన్నప్పటి నుంచి ఇప్పటివరకు నేర్చుకున్న వాటిలో మీకు నిజంగా విలువైనది ఏది? ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగారు. నా విషయంలో నేర్చుకున్నది పదేళ్ల వయసులో, బోధపడింది ముప్పై మూడేళ్లకు. మధ్యలో ఇరవై మూడేళ్లు అది నాకు తెలుసనే అనుకుంటూ తిరిగాను.

మాది గుంటూరు. నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. ఏప్రిల్ చివర్లో బడికి సెలవులు ఇవ్వగానే, ఇంట్లో నా అల్లరి భరించలేక అమ్మ నన్ను ఆయన వెంట పంపేసేది. యార్డుకు కూడా వేసవి సెలవులు ఇచ్చేలోపు దొరికిన ఆ రెండు మూడు వారాలే నా రెండో బడి. మొదటిరోజు గేటు దాటిన దగ్గర్నుంచి తుమ్ములే. నేను ఎన్ని తుమ్ముతానో ముఠా కూలీలు పందెం కాసుకున్నారు. వాళ్లకు మాత్రం ముక్కుకు కట్టుకున్న తువ్వాలు చాలు.

నాన్నగారు పాఠం చెప్పే మనిషి కాదు. ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, ముందు నిలబెట్టి, "చెయ్యి పెట్టు" అన్నారు. పైన ఉన్న నాలుగు కాయలు తీసి చూపించాను. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. "మూతి దగ్గర ఉన్నవి పెళ్లివారి తరఫు పెద్దమనుషులు రా. వాళ్లను చూసి సంబంధం ఖాయం చేసుకుంటావా? మోచేతి దాకా పెట్టు" అన్నారు. పెట్టాను. లోపల కాయ చల్లగా, కాస్త సాగుతున్నట్టుగా తగిలింది. బయటికి తీసి ఊపితే గింజ మోగలేదు. పైకాయ ఊపితే గలగలమంది. ఆయన ఇంకేమీ చెప్పకుండా పక్క బస్తాకు వెళ్లిపోయారు.

రైతు మోసం చేశాడని కాదు, ఇది రాయకపోతే అన్యాయం అవుతుంది. బాగా ఎండిన కాయను సంచిలో కూరితే నలిగి పొడైపోతుంది. అందుకని ఎత్తే ముందు కాస్త నీళ్లు చిలకరిస్తారు. ఆ 'కాస్త' ఎంత అన్నదగ్గరే తేడా అంతా. పైన ఉన్నది గాలికి ఆరుతుంది, నడిమిది ఆరదు.

ఆ మధ్యాహ్నమే అదే చేత్తో కన్ను నులుముకున్నాను. ఏడుపు సంగతి వదిలేయండి. కంటిని అలా కడుగుతూనే ఉండమని కుళాయి దగ్గర కూర్చోబెట్టారు. అది ఎంతసేపటికోగాని తగ్గింది. చేతుల మంట మాత్రం ఎన్ని నీళ్లు పోసినా పోదే! చివరికి కాటా దగ్గరుండే ఒక పెద్దాయన, "నీళ్లతో పోదు అబ్బాయ్" అంటూ నా అరచేతుల్లో వేరుసెనగ నూనె పోసి రుద్ది, ఆ తరవాత సబ్బు ఇచ్చాడు. మంట సగానికి దిగింది. ఆయన ఏ బడికీ వెళ్లలేదు. మిర్చికి కారాన్నిచ్చే కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదని, నూనెలో కరుగుతుందని నాకు డిగ్రీలో రసాయనశాస్త్రం చదివినప్పుడు తెలిసింది. తరగతిలో అందరూ ఆ వాక్యం రాసుకుంటుంటే నేను నా అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

అన్నట్టు, నాన్నగారికి తెలియని విషయం ఒకటుంది. కారమంతా గింజలోనే ఉంటుందని ఆయన నమ్మకం. అది పుట్టేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో అని చెబితే, "నలభై ఏళ్లుగా తింటున్నవాడికి చెబుతున్నావా" అని విసుక్కున్నారు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

డిగ్రీ అయ్యాక ఎగుమతి మిర్చిని పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో చేరాను. యార్డులో అందరూ 334 అని పిలిచే రకం మన గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిందని అక్కడే తెలిసింది. అంతకుముందు నాకది ఒట్టి అంకె. తేమ కొలిచే పద్ధతి చూసినప్పుడు మాత్రం చిన్నపిల్లాడినైపోయాను. పొడి కొట్టిన మిర్చిని నీటితో కలవని టోలీన్ అనే ద్రవంలో మరిగిస్తే, అందులోని నీరు ఆవిరై వచ్చి గీతలున్న సన్నటి గొట్టంలో పడుతుంది. టోలీన్ కన్నా నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. గలగలలాడే ఎండు కాయలోంచి ఒక్కో నీటిబొట్టు జారి కిందికి చేరుతుంటే, నాన్నగారి చేతివేళ్లు ఇన్నాళ్లూ చూస్తున్నది దీన్నే కదా అనిపించింది. సరుకులో తేమ పది, పదకొండు శాతం దాటకూడదని మా లెక్క. ఆయన దానికి శాతం పేరు పెట్టలేదంతే.

ఇక అసలు సంగతి. 2010లో ఐరోపాకు వెళ్లాల్సిన సరుకుకు నమూనా తీయమని నన్ను కోల్డ్ స్టోరేజీకి పంపారు. లోపల చలి, బయట సాయంత్రం అయిపోతోంది. తలుపు దగ్గరున్న ఇరవై బస్తాల మూతులు విప్పి పైనుంచి తలా పిడికెడు తీసుకుని వచ్చేశాను. ల్యాబులో యంత్రం తన పని తాను చక్కగా చేసింది. అఫ్లాటాక్సిన్ హద్దులోనే ఉందని కాగితం ఇచ్చింది, నేను సంతకం పెట్టాను. అఫ్లాటాక్సిన్ అంటే ఆస్పర్జిల్లస్ అనే బూజు తయారుచేసే విషం. ఐరోపా దేశాలు మిర్చిలో 100 కోట్ల భాగాలకు 10 భాగాలు మించితే ఒప్పుకోవు. పైగా అది సరుకంతా సమంగా పరచుకుని ఉండదు. ఒక బస్తాలో నాలుగు కాయలకు పట్టి, పక్క బస్తాలో అసలు లేకపోవచ్చు. కొన్నవాళ్లు అక్కడ పరీక్ష చేయించుకుంటే హద్దు దాటింది. కంటైనర్ వెనక్కి వచ్చింది.

మా యజమాని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తిరిగొచ్చిన బస్తాలను నన్నే విప్పమన్నారు. మూడోదో నాలుగోదో గుర్తులేదు, మోచేతి దాకా చెయ్యి పెట్టాను. వేళ్లకు కాయలు ఒకదానికొకటి అంటుకుని ముద్దగా తగిలాయి. తీసి చీల్చితే గింజల చుట్టూ బూడిదరంగు నూగు, పాత గోనెసంచి వాసన. పదేళ్లప్పుడు విన్న మాట అప్పుడు వినపడింది.

ఆ తరవాత నేను నమూనా తీసే తీరు మారింది. దొంతర పైన, నడుమ, అడుగున ఉన్న బస్తాల్లోంచి, ప్రతి బస్తాలోనూ మూడు లోతుల నుంచి తీసి, అంతా కలిపి పొడి కొట్టి, అందులోంచి పరీక్షకు తీస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు యంత్రం వారంలో వచ్చేస్తుంది. బస్తా రావడానికి ఏడాది పడుతుంది. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, నాకెంత పట్టిందో చెప్పాను కదా.

నాన్నగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. షుగరు వల్ల వేలికొసలకు స్పర్శ తగ్గింది. పోయిన వేసవిలో పరీక్ష చేసిన కాయలు ఐదు రకాలు ఇంటికి తెచ్చి, ఐదు గిన్నెల్లో పోసి ఆయన ముందు పెట్టాను. పిడికిట పట్టి చూశారు, తెలియలేదు. కాసేపు ఊరుకుని, ఒక్కో గిన్నెలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. ఎండు నుంచి పచ్చికి వరసగా గిన్నెలు జరిపారు. నా కాగితంతో పోల్చితే రెండు మాత్రం అటూఇటూ అయ్యాయి, వాటి మధ్య తేడా అర శాతం కూడా లేదు. "టీవీ ఆపు" అన్నారు. ఆపాక ఆ రెండూ మళ్లీ ఊపి, స్థానాలు మార్చారు.