పాత పద్మిని కారు ఇంట్లోనే బాగుచేసుకుంటానన్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

గుంటూరు కొరిటెపాడులో ఆ డాక్టరు గారి పోర్టికోలో ఏళ్ళ తరబడి పడున్న 84 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు నీకిచ్చేస్తామంటున్నారని, తెచ్చుకుని ఇంట్లోనే నువ్వే చేసుకుంటానని చెప్పావు కదా, ఆ రాత్రే మీ అమ్మ నాకు ఫోన్ చేసి వాడికి కాస్త నచ్చజెప్పు తమ్ముడూ అంది. నేనైతే వద్దని చెప్పను. చేతికి గ్రీజు అంటితే నీకు చిరాకు లేదు, చదివి అర్థం చేసుకునే ఓపికుంది, ఇంట్లో కారు పట్టే షెడ్డుంది, ఇంకేం కావాలి. కాకపోతే నా సర్వీసంతా ఆటోనగర్‌లోనే గడిచింది కాబట్టి ఇలా మొదలెట్టిన బండ్లు ఎక్కడ ఆగిపోతాయో నాకు బాగా తెలుసు, ముందు అది చెప్తాను.

బండి మొత్తం ఒకేసారి విప్పొద్దు. ఇదొక్కటి గుర్తుపెట్టుకో చాలు. కొత్తగా చేసేవాళ్ళందరికీ మొదటి వారం ఎంత హుషారంటే డోర్లు పీకేస్తారు, సీట్లు పీకేస్తారు, ఇంజన్ దించేస్తారు, నట్లన్నీ ఒకే డబ్బాలో పోసేస్తారు, ఆ తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లల పరీక్షలు, ఆఫీసు పని వచ్చి రెండు నెలలు ఆగితే ఏ బోల్టు ఎక్కడిదో ఎవడికీ తెలీదు, చివరికి గోనెసంచుల్లో పార్టులు, ఇటుకల మీద బాడీ, పాత ఇనుప సామాను వాడికి తూకానికి వెళ్తుంది. నేను చూసిన వాటిలో తుప్పు వల్ల పోయినవాటికంటే ఇలా విప్పేసి వదిలేసినవే ఎక్కువరా. అందుకని బండి ఎప్పుడూ దాని చక్రాల మీద అదే నిలబడేట్టు, తోస్తే కదిలేట్టు ఉండాలి, ఒక పని తీసుకుంటే అది పూర్తిగా బిగించాకే రెండోది ముట్టుకో. విప్పేముందు ఫోన్‌తో ఫోటో తియ్యి, దూరం నుంచొకటి దగ్గర నుంచొకటి, ప్రతి పార్టు నట్లూ విడిగా జిప్ కవర్లో వేసి చీటీ రాసి పెట్టు, చీటీ మీద పెన్నుతో కాకుండా మార్కర్‌తో రాయి, లేకపోతే ఆయిల్ తగిలి అక్షరాలు పోతాయి.

బండి ఇంటికి తెచ్చేముందు రెండు చూడాలి, కాగితాలు, తుప్పు. కాగితాల సంగతి మొహమాటపడకు. ఆర్‌సీ ఎవరి పేరు మీదుంది, డాక్టరు గారి పేరా వాళ్ళ నాన్నగారి పేరా, ఛాసిస్ మీద కొట్టిన నంబరూ ఆర్‌సీలో నంబరూ ఒకటేనా, నీ కళ్ళతో చూడు. పేరు మారాలంటే ఫారం 29, 30 మీద వాళ్ళ సంతకాలు కావాలి, యజమాని పోయి ఉంటే వారసుల పేరు మీదకి ముందు మారాలి. ప్రైవేటు కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి ఫారం 25. ఎవరైనా వింటేజ్ కింద చేయిద్దాం అంటే నమ్మొద్దు, 2021లో వచ్చిన వింటేజ్ రూలు 50 ఏళ్ళు దాటిన బండ్లకి, నీ 84 మోడల్‌కి 2034 దాకా ఆ మాటే లేదు, పైగా అందులో ఎక్కిస్తే ర్యాలీలకీ ఎగ్జిబిషన్లకీ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పుకోనివ్వరు. రంగు మార్చినా, వేరే ఇంజన్ ఎక్కించినా ఆర్‌సీలో రాయించాలి, అందుకని రంగు ఉన్నదే ఉంచుకో, ఆ పాత నంబర్ ప్లేటుకి ఆ రంగే అందం కూడా.

ఇక తుప్పు. పద్మినికి అంబాసిడర్‌కి లాగానే కింద విడిగా ఫ్రేము ఉండదు, బాడీయే దాని బలం. డోర్ల కింద పొడుగ్గా పెట్టెలా వెళ్ళే భాగం ఉంటుంది చూడు, మెకానిక్ షెడ్డుల్లో సిల్లు అంటారు, అది, జాకీ పెట్టే చోటు, వెనక కమాను కట్టలు తగిలించే చోటు, డిక్కీలో స్టెప్నీ గుంట, ఈ నాలుగూ గట్టిగా ఉంటే బండి తీసుకో. స్క్రూడ్రైవర్ పిడితో సిల్లు పొడుగునా తట్టుకుంటూ వెళ్ళు, గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు డబడబమంటుంది, ఆ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. తర్వాత చిన్న అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి పెయింటు మీద ఆనించు, పట్టుకోకుండా జారిపోయిందంటే కింద రేకు లేదు, పుట్టీ ఉంది. ఫెండర్ మీద కాస్త పుట్టీ ఉంటే ఫర్లేదు, సిల్లులో పుట్టీ ఉంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చెయ్. రేపు స్పేర్ల కోసం ఇంకో బండి కొనాలనిపించి బెజవాడ వైపు వెతికితే ఇంకోటి కూడా చూడాలి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు మునిగాయో తెలుసు కదా, కార్పెట్ లేపి చూడు, సీటు పట్టాల కింద, హెడ్‌లైట్ల లోపల, డోర్ల అడుగున ఎండిన ఒండ్రు కనపడితే దాని వైరింగు మీద ఆశ వదిలేసుకో.

బండి ఇంటికి వచ్చాక మొదట ఇంజన్ స్టార్ట్ చేసి చూద్దాం అనిపిస్తుంది, ఆగు, ముందు బ్రేకులు. కదిలే బండికి ఆగటం రావాలి. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, ఆ కాలం బండ్లలో చాలావాటికి నాలుగింటికీ కలిపి ఒకే ఫ్లూయిడ్ లైను, ఒక్క చోట లీకైతే పెడల్ మొత్తం కిందకి పోతుంది. ముందు బండిని గట్టి నేల మీద జాకీతో లేపి ఇనప స్టాండ్ల మీద కూర్చోబెట్టు, ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి చెయ్యి కూడా పెట్టకు, ఇది మావయ్య మాటగా కాదు ఆర్డరుగా తీసుకో. డ్రమ్ము తియ్యగానే నల్లటి దుమ్ముంటుంది, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి విషం, గాలి కొట్టి ఊదొద్దు, మాస్కు పెట్టుకుని నీళ్ళతో తడిపి తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యి. తర్వాత లోపల బ్రేకు షూలని తోసే చిన్న సిలిండర్ ఉంటుంది, వీల్ సిలిండర్ అంటారు, దాని మీద రబ్బరు తొడుగు అంచు మెల్లగా లేపి చూడు, లోపల తడి కనపడిందా లీకే. ఊడదీసి పిస్టన్ బయటికి తోసి లోపలి గోడ మీద వేలు పెట్టి తిప్పు, అద్దంలా నున్నగా ఉంటే కొత్త రబ్బరు కప్పుల కిట్ వేసుకోవచ్చు, గోరుకి గుంటలు తగిలితే కిట్ వేసినా నెలకి మళ్ళీ కారుతుంది, సిలిండరే మార్చు. రబ్బర్లు పెట్రోల్‌తో గానీ ఇంజనాయిల్‌తో గానీ కడగకూడదు, ఉబ్బి పాడైపోతాయి, బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే తడిపి ఎక్కించాలి, ఆ ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది కాబట్టి పక్కనే నీళ్ళు పెట్టుకో. రబ్బరు హోసులు మాత్రం ఎంత బాగా కనపడినా మార్చెయ్యి, బయట నున్నగానే ఉంటాయి, లోపల వాచి మూసుకుపోయి ఉంటాయి. లైన్లలో చేరిన ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి, అంటే పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ని తోసే దానికి, దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి, పెడల్ నొక్కటానికి కోడలు పిల్లని కూర్చోబెట్టుకో.

ఇంజన్ సంగతి. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, చాలా మర్యాదైన ఇంజన్, ఇంట్లో నేర్చుకోవటానికి దీన్ని మించింది లేదు. ఏళ్ళుగా తిరగలేదు కాబట్టి వెంటనే సెల్ఫ్ కొట్టకు, పిస్టన్ రింగులు పట్టేసి ఉండొచ్చు. ప్లగ్గులు నాలుగూ తీసి ఒక్కో సిలిండర్లో కాస్త డీజిల్, ఆయిల్ కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలెయ్యి, తర్వాత ప్లగ్గులు లేకుండానే టాప్ గేర్లో వేసి బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ తోసి చూడు, కదిలిందంటే సగం గెలిచినట్టే. పాత ఆయిల్ దించేసి కొత్తది పోసి అప్పుడు సెల్ఫ్ కొట్టు. సిలిండర్లో ఒత్తిడి ఎంతుందో చూపించే కంప్రెషన్ గేజ్ ఒకటి కొనుక్కో, నాలుగు సిలిండర్లూ ఇంచుమించు ఒకేలా చూపిస్తే ఇంజన్ విప్పాల్సిన పనే లేదు. ఒకటి తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడు, పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు, పక్కపక్కనున్న రెండూ తక్కువుంటే హెడ్ ప్యాకింగ్, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డు కింద ప్యాకింగ్, పోయినట్టు. ఇది తెలీకుండా ఇంజన్ మొత్తం విప్పి ఓవర్‌హాలింగ్ చెయ్యాలని ఎవరు చెప్పినా ఒప్పుకోకు.

మన ఎండల్లో ఈ బండి చచ్చేది వేడికే. హెడ్డు అల్యూమినియం, ఒక్కసారి బాగా వేడెక్కిందంటే వంగిపోతుంది. రేడియేటర్ ఊడదీసి ఆటోనగర్ పంపి కడిగించు, హోసులు, ఫ్యాన్ బెల్టు కొత్తవి వెయ్యి, బోరు నీళ్ళు పొయ్యకు, గుంటూరు బోరు నీళ్ళకి పొరలు కడతాయి, కూలంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పొయ్యి. పెట్రోల్ సంగతి కొత్త తలనొప్పి, ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఈ బండి చేసిన రోజుల్లో రబ్బర్లు దానికి తగ్గట్టు చెయ్యలేదు, పాత పైపులు మెత్తబడి పగుళ్ళొచ్చి వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారుతుంది. ఇథనాల్ తట్టుకునే పైపు అడిగి తెచ్చుకో, పెట్రోల్ పంపు డయాఫ్రం మార్చు, అద్దంలా లోపలున్నది కనిపించే ఫిల్టర్ ఒకటి పెట్టు, నెలల తరబడి బండి తియ్యనప్పుడు ట్యాంకులో పెట్రోల్ నిల్వ ఉంచకు, ఇథనాల్ గాల్లో తేమ పీల్చుకుని అడుక్కి నీళ్ళు దిగుతాయి, లోపలి నుంచి తుప్పు. ట్యాంకుకి చిల్లు పడితే ఇంట్లో వెల్డింగ్ చెయ్యొద్దు, ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఆవిరి పేలుతుంది.

కరెంటు పని నువ్వు నాకంటే బాగా చేస్తావు కాబట్టి ఎక్కువ చెప్పను, సగం రోగాలు ఎర్త్ దగ్గరే, బాడీకి బిగించే ప్రతి చోటా పెయింటు గీకి తెల్లగా రేకు కనపడేదాకా రుద్ది బిగించు, బ్యాటరీకి కటాఫ్ స్విచ్ ఒకటి పెట్టు. బండి చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి వేడెక్కాక మిస్ కొడుతుంటే కార్బురేటర్ మీద పడకు, ముందు డిస్ట్రిబ్యూటర్ దగ్గరుండే కండెన్సర్ మార్చి చూడు.

స్పేర్ల గురించి భయపడక్కర్లేదు, ముంబైలో ఈ బండ్లు 2023 దాకా టాక్సీలుగా తిరిగాయి కాబట్టి ఇంజన్, బ్రేకు, క్లచ్ సామాను ఇంకా దొరుకుతుంది. దొరకనివి బయట కనిపించే సామాన్లు, గ్రిల్లు, బంపర్లు, బీడింగులు, హ్యాండిళ్ళు, అందుకని ఉన్న పాతవి ఎంత సొట్టబడినా పారెయ్యకు.

అన్నీ నువ్వే చెయ్యాలని పట్టుబట్టకు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, డ్రమ్ములు లేత్ మీద పట్టించటం, సిల్లులో రేకు వెల్డింగ్, ఇవి బయట ఇచ్చెయ్. కానీ బండి మొత్తం తీసుకెళ్ళి మెకానిక్ షెడ్డులో పెట్టొద్దు, ఆ పార్టు ఒక్కటే ఊడదీసి నువ్వే పట్టుకెళ్ళు, బండి పెట్టేస్తే మూలకి పోతుంది, నువ్వు ఫోన్లు చేస్తుంటే రేపు రేపు అంటుంటారు. లేత్ మేస్త్రి పక్కన నిలబడి చూడు, మంచి మేస్త్రి అడిగితే చెప్తాడు, గౌరవంగా అడిగితే ఇంకా బాగా చెప్తాడు, మేస్త్రిగారూ అని పిలువు.

పెయింటు చివర్న. వర్షాకాలంలో ఇంజన్, బ్రేకులు, వైరింగు పెట్టుకుని పెయింటుని సంక్రాంతి తర్వాతకి ఉంచు, గాల్లో తేమ ఉండగా ఎన్‌సీ (నైట్రో సెల్యులోజ్) పెయింటు కొడితే తెల్లగా పాలిపోతుంది, పొద్దున్నే మంచు ఉంటుంది కాబట్టి ఎండ ఎక్కాక పదింటి తర్వాత కొట్టు. పీయూ (పాలీయురిథేన్) పెయింటు మెరుపు బాగుంటుంది నిజమే కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే విష రసాయనం ఉంటుంది, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, ఇంట్లో పిల్లలున్నారు, అది కావాలంటే పెయింట్ బూత్ ఉన్నవాళ్ళకే ఇవ్వు.

ముందు ఫిట్‌నెస్ చేయించి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టాకే రోడ్డెక్కు. మొదటిసారి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు తిప్పు, ప్రతిసారీ వచ్చాక డ్రమ్ముల మీద చెయ్యి ఆనించి చూడు, మిగతావాటికంటే ఒకటి బాగా కాలుతుంటే ఆ చక్రం పట్టేస్తోందని. కొన్నాళ్ళు అలా తిరిగాక బెజవాడ రా, మధ్యలో మంగళగిరిలో ఆపి ఆయిల్, కూలంట్ చూసుకో, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తియ్యకు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు ఈ ఆదివారం వెళ్ళి సిల్లు రెండు పక్కలా, జాకీ పెట్టే చోటు, స్టెప్నీ గుంట, ఆర్‌సీ, ఛాసిస్ నంబరు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు, అవి చూసి చెప్తాను, అప్పటిదాకా డాక్టరు గారికి అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య
పటమట