టీవీ మాటా, పొడి అక్షరాలా?

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగమే వినబడింది, నీ వెనక బావ అరుపులే ఎక్కువ. అర్థమైనంతలో, ఇంగ్లిష్ అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే ఆ స్క్రాబుల్ బోర్డు మీద వాడు టీవీ అని పెట్టాడు, నువ్వు కుదరదన్నావు, "రోజూ టీవీ అనడం లేదా, అది మాట కాదా" అని వాడు ఎగిరాడు, ఆట మధ్యలో లేచిపోయారు. సంక్రాంతికి మీ అపార్ట్‌మెంట్‌లో ఈ ఆట నువ్వే నడపాలన్నావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు తీర్పు చెప్పేస్తాను. ఈ గొడవలో నీదే రైటు. డబ్బాలో వచ్చే రూల్స్ కాగితం తీసి చూడు. ఎప్పుడూ పెద్ద అక్షరంతోనే మొదలయ్యే మాటలు, పొడి అక్షరాలు, హైఫనో అపాస్ట్రఫీయో తప్పనిసరైన మాటలు పనికిరావు. టీవీ, డీఎన్‌ఏ, నాసా అన్నీ అక్కడే ఆగిపోతాయి. అయినా బావను మరీ ఆడిపోసుకోకు. మేనల్లుడని వెనకేసుకొస్తున్నాననుకునేవు, కాదు. ఇంగ్లిష్ స్క్రాబుల్‌లో వి అక్షరంతో రెండక్షరాల మాట ఒక్కటంటే ఒక్కటి కూడా చెల్లదు. సంచీ ఖాళీ అయిపోయి, బోర్డు మీద సందు లేక, చేతిలో ఆ నాలుగు పాయింట్ల బిళ్ల మిగిలిపోయి, ఎదురుగా టి కనబడుతుంటే నాకూ చాలాసార్లు చెయ్యి లాగింది.

కానీ నువ్వు ఇంకో మాట కూడా అన్నావట, పొడి అక్షరాల్లోంచి వచ్చినవేవీ చెల్లవని. అది మాత్రం తప్పు. రాడార్, సోనార్, స్కూబా, లేజర్ అన్నీ అలా పుట్టినవే. లైట్ యాంప్లిఫికేషన్ బై స్టిమ్యులేటెడ్ ఎమిషన్ ఆఫ్ రేడియేషన్ అన్న తోరణాన్ని కుదిస్తే లేజర్ అయింది. ఇప్పుడెవరికి గుర్తుంది ఆ తోరణం? నాలుగూ ఇంగ్లిష్‌లో అయిదక్షరాల మాటలే కాబట్టి నువ్వు పొద్దున్నే కాఫీతో ఆడే ఆ అయిదక్షరాల మాట కనిపెట్టే ఆట, వర్డిల్, కూడా వాటిని కాదనదు.

ఈ సంగతి నాకు బాగా తెలియడానికి కారణం ఉంది. ఉద్యోగం రోజుల్లో శనివారం సాయంత్రాలు మా ఆఫీసులో బోర్డు వేసేవాళ్లం. ఒకాయన ఎల్, ఏ, ఎస్, ఈ పేర్చి "లేజ్" అన్నాడు. "లేజర్ తోక కోసి తెచ్చారా" అని నవ్వి, ఆ మాట చెల్లదని ఛాలెంజ్ చేశాను. ఆయన మాట్లాడకుండా డిక్షనరీ తెరిచి వేలు పెట్టి చూపించాడు. లేజర్‌లా కాంతిని వెలువరించడం, క్రియ. లేజర్ నుంచి వెనక్కి పుట్టిన క్రియ అది. తప్పు ఛాలెంజ్ చేసినందుకు నా టర్న్ పోయింది. అప్పుడు నా చేతిలో ఏడు బిళ్లలూ ఒకేసారి దిగే మాట సిద్ధంగా ఉంది, యాభై పాయింట్ల బోనస్‌తో సహా. మళ్లీ టర్న్ వచ్చేసరికి ఆ సందు కాస్తా మూసుకుపోయింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అందుకని తర్కంతో తేల్చాలని చూడకు. "అందరూ వాడతారు" అన్న వాదన అసలే వినకు. వాడకమే చాలితే ఓకే ఎప్పుడో చెల్లాలి. 1839లో బోస్టన్ పత్రికలో "ఆల్ కరెక్ట్"ను కావాలని తప్పు స్పెల్లింగుతో కుదించి, వేళాకోళానికి వేసిన పొడి అక్షరాలవి. ఆ రెండక్షరాలూ అమెరికా స్క్రాబుల్ డిక్షనరీలోకి వచ్చింది 2018లో! స్క్రాబుల్‌కి చెల్లే మాటల ఇంకో జాబితా, కాలిన్స్ వాళ్లది, దాన్లోకి ఆ మరుసటి ఏడాది. నువ్వు చేయాల్సిందల్లా ఆట మొదలుకాకముందే ఏ జాబితాతో ఆడుతున్నారో అందరికీ చెప్పి, దాన్ని బల్ల మీద పెట్టుకోవడం. మన దేశంలో పోటీలకు కాలిన్స్‌దే వాడతారు, నువ్వూ అదే పెట్టు. ఫోన్లో చూసినా ఫరవాలేదు గానీ ఒక్క ఫోనే ఉండాలి, అదీ నీ చేతిలో. చిన్నపిల్లలు తప్పుగా ఛాలెంజ్ చేస్తే టర్న్ తీసెయ్యకు, ఏడుస్తారు.

పెద్దవాళ్లకు తెలుగు గళ్ల నుడికట్టు కూడా పెడతానన్నావుగా, అక్కడ లెక్క వేరు. పొడి అక్షరాలు నిక్షేపంగా పెట్టుకోవచ్చు, కాకపోతే ఆధారంలో ఆ సూచన ఉండాలి. విరసం అని వచ్చేట్టయితే నీకు రెండు దారులు: విప్లవ రచయితల సంఘమనీ అడగొచ్చు, సరసం కానిదనీ అడగొచ్చు. అరసానికి ఆ సుఖం లేదు, "అభ్యుదయ రచయితలు, పొట్టిగా" అనాల్సిందే. డ్వాక్రాకు మాత్రం ఏ సూచనా అక్కర్లేదంటాను. మా పనిమనిషి "డ్వాక్రాలో కట్టాలమ్మా" అంటుంది, దాని వెనక ఇంగ్లిష్ మాటలున్నాయని చెబితే నవ్వుతుంది.

బావకు ఒక్కటి చెప్పు. ఆ రోజు వాడి చేతిలో ఇంగ్లిష్ 'ఏ' అక్షరం బిళ్ల కూడా ఉండి, టి ముందు రెండు గళ్లు ఖాళీగా ఉంటే వ్యాట్ అని పెట్టి ఉండాల్సింది. పన్ను అంటే చెల్లదు, తొట్టి అంటే చెల్లుతుంది. మనసులో ఏమనుకుని పెట్టాడో ఎవరూ అడగరు.

అరిసెలు పంపుతున్నాను. డబ్బా తిరిగి పంపు.

మీ పెద్దమ్మ